డిమెన్షియా ఉన్న తల్లిదండ్రుల ఆరోగ్యం మళ్ళీ మళ్ళీ దెబ్బతింటుంటే: విశాఖలో ఇంటివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకు డిమెన్షియా అని తేలి ఈ మార్గశిరానికి తొమ్మిదేళ్ళు నిండుతాయి. అక్కయ్యపాలెంలోని మా ఇంట్లో ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ మతిమరుపు నన్ను కుంగదీసిన దానికంటే, ఆ మతిమరుపు మీద వచ్చిపడిన దెబ్బలు కుంగదీసిందే ఎక్కువ. తుంటి ఎముక విరిగింది, రెండుసార్లు నిమోనియా వచ్చింది, యూరిన్ ఇన్‌ఫెక్షన్లయితే లెక్కపెట్టడం మానేశాను. ప్రతి దెబ్బ తరువాతా అమ్మ కొంత తిరిగివచ్చేది, కొంత వచ్చేది కాదు. వచ్చినందుకు సంతోషించాలో, రానిదాని కోసం ఏడవాలో తెలియక నెలలు గడిచిపోయేవి.

ఓపీ వరుసల్లోనూ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో మందుల దుకాణాల ముందూ, ఆ తరువాత ఫోన్లలోనూ తోటివాళ్ళు నన్ను అడిగినవీ, నేను ఇతరులను అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. మందుల సంగతి, వైద్యం సంగతి మీ డాక్టరుగారే నిర్ణయించాలి. ఇంట్లో ఉండి చూసుకునేవాళ్ళ మనసుకు ఏమవుతుంది, దాన్ని ఎలా మోయాలి అన్నదే ఇక్కడ నా విషయం.

నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచిన నాన్నగారు ఒక్కరాత్రిలో మమ్మల్నెవరినీ పోల్చుకోవడం లేదు. జబ్బు ముదిరిపోయిందా?

అలా అనుకుని ఏడుస్తూ కూర్చోకుండా, ముందు ఆయనను డాక్టరుకు చూపించండి. డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మనిషి తారుమారైతే దానివెనుక సాధారణంగా శరీరంలో మరేదో కారణం ఉంటుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. తీవ్రమైన జ్వరంలో మనిషి పలవరించడాన్ని మన పెద్దవాళ్ళు సన్నిపాతం అనేవారు కదా, ఇది దానికి దగ్గరగా ఉంటుంది, కాకపోతే దీనికి జ్వరం ఉండితీరాలన్న నియమం లేదు.

కారణాలు చాలాసార్లు చిన్నవిగానే కనబడతాయి: యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఛాతీలో ఇన్‌ఫెక్షన్, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం, మూత్రం లోపలే నిలిచిపోవడం, ఎక్కడో చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, జలుబుకో దురదకో వేసిన మాత్ర. బీపీ కోసం నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళలో రక్తంలో సోడియం పడిపోవడం మరొక కారణం. విశాఖ ఉక్కపోత సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమట కారుతూనే ఉంటుంది, దాహం వేస్తోందని చెప్పడం మరిచిపోయిన మనిషి నీళ్ళు అడగరు, రెండు రోజుల్లో ఒళ్ళు ఎండిపోయి మాట తడబడుతుంది.

డెలీరియంలో అందరూ కేకలు వేస్తారని, మంచం దిగి పరుగెడతారని అనుకోకండి. కొందరు మగతగా, పిలిస్తే ఒకసారి కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుని, చాలా 'బుద్ధిగా' పడుకుంటారు. ఇల్లంతా హమ్మయ్య అనుకుంటుంది. మొదటిసారి నేనూ అలాగే అనుకుని ఒక రోజంతా పోగొట్టాను. ఆ మగత కూడా అంతే ప్రమాదకరమైన సంకేతం.

కారణానికి వైద్యం జరిగాక మనిషి తేరుకోవడానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు, ముసలివాళ్ళలో నెలలు కూడా పట్టవచ్చు. కొందరు పూర్వపు స్థితికి పూర్తిగా రారు. ఈ రెండో మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే, ఇన్‌ఫెక్షన్ తగ్గిన పదో రోజున కూడా అమ్మ నన్ను 'ఎవరమ్మా నువ్వు' అని అడిగినప్పుడు వైద్యం తప్పయిందనీ, నేను తప్పు చేశాననీ అంతగా తల బాదుకునేదాన్ని కాదు.

ప్రతిసారీ కోలుకుంటుందని ఆశపడుతున్నాను, ప్రతిసారీ ఇంకొంచెం దిగజారుతోంది. ఆశ పెట్టుకోవడమే తప్పా?

తప్పు కాదు. అయితే ఆశ దేనిమీద పెట్టుకుంటున్నామో చూసుకోవాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన నాడు 'అమ్మ మళ్ళీ మునుపటిలా అవుతుంది' అనుకుంటే, అది పాత అమ్మ కోసం ఎదురుచూపు అవుతుంది, ఎదుట ఉన్న అమ్మలో లోపాలు వెతకడంతోనే రోజు గడిచిపోతుంది. 'ఈ వారం చివరికి రెండు పూటలా తన చేత్తో నాలుగు ముద్దలు తినగలిగితే చాలు' అనుకుంటే, అది ఈ అమ్మ కోసం పెట్టుకున్న ఆశ.

రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా చాలామందిలో మెట్లు మెట్లుగా దిగుతుంది, అల్జీమర్స్ సాధారణంగా వాలులా దిగుతుంది. కానీ పెద్ద జబ్బు ఏదైనా మీదపడితే అల్జీమర్స్ ఉన్నవాళ్ళూ ఒక మెట్టు కిందకు జారవచ్చు. ఈ సంగతి తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు, జారినప్పుడల్లా 'ఎందుకిలా' అన్న వెతుకులాట మాత్రం కొంత తగ్గుతుంది.

ఆ బాధకు ఒక పేరు ఉందని తెలిసినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది. పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో, యుద్ధంలో జాడ తెలియకుండాపోయిన సైనికుల కుటుంబాలతో తన పని మొదలుపెట్టారు. మనిషి లేడు, పోయాడని కూడా ఎవరూ చెప్పలేరు. తరువాత ఆవిడ అదే ఆలోచనను డిమెన్షియా ఉన్న ఇళ్ళకూ చూపించారు. ఇక్కడ మనిషి కళ్ళెదుటే ఉంటారు, మనకు తెలిసిన మనిషి మాత్రం కొద్దికొద్దిగా కనుమరుగవుతుంటారు. దీనికి ఆవిడ పెట్టిన పేరు 'యాంబిగ్యువస్ లాస్', మన మాటల్లో తేలని ఎడబాటు అనుకోవచ్చు. సముద్రం మీద బతికే ఊరిలో ఉన్నవాళ్ళం కాబట్టి మనకిది వేరే చెప్పనక్కరలేదు. వేటకు వెళ్ళిన పడవ చెప్పిన రోజుకు రాకపోతే జాలరిపేట ఇళ్ళలో ఆ రాత్రి ఎలా గడుస్తుందో మనకు తెలుసు.

మనలో ఎవరైనా పోతే పరామర్శకు వస్తారు, పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ ఏడవడానికి వేళలు ఉంటాయి, పక్కింటివాళ్ళు కాఫీ ఫ్లాస్కు పంపిస్తారు. అమ్మ నా పేరు మరిచిపోయిన రోజున ఎవరూ రాలేదు. రావాలని ఎవరికి తెలుస్తుంది? కాబట్టి ఆ రోజును మీరే గుర్తించుకోవాలి. ఒక దెబ్బ తరువాత ఏమి పోయిందో ఒకరితో నోరు తెరిచి చెప్పండి: 'ఇక అమ్మ మెట్లు ఎక్కలేదు. ఇక అమ్మతో సింహాచలం వెళ్ళడం లేదు.' చెప్పి, ఏడుపు వస్తే ఏడవండి. నేను మా పిన్నితో చెప్పేదాన్ని. ఆవిడ సలహాలివ్వదు, ఫోను పెట్టేయదు, అంతే. అలాంటి మనిషి ఒక్కరుంటే చాలు.

అమ్మ పడిపోయినప్పుడు నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆ తప్పు నాదే కదా?

మా అమ్మ పడినప్పుడు నేను వంటింట్లో పాలు పొంగకుండా చూస్తున్నాను. చప్పుడు పెద్దగా కూడా లేదు, తడి గుడ్డ నేల మీద పడేసినట్టు వినిపించింది. ఆ తరువాత ఒక ఏడాదిపాటు పాలు కాచినప్పుడల్లా నాకు ఒళ్ళు వణికేది.

డిమెన్షియాలో పడిపోవడానికి కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి. గడప ఎత్తు, నేల లోతు కంటికి సరిగా అందవు. లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. కాళ్ళలో పట్టు తగ్గిందన్న సంగతే గుర్తుండదు కాబట్టి, సాయం కోసం పిలవాలన్న ఆలోచన రాకుండానే లేచి నడిచేస్తారు. ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషిని పట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు, ఆసుపత్రుల్లోనూ రోగులు పడిపోతూనే ఉంటారు.

నాకు పనికొచ్చినది ఒకటి చెబుతాను. ఒక కాగితం తీసుకుని, మార్చగలిగేవి ఒకవైపు, మార్చలేనివి మరోవైపు రాశాను. మార్చగలిగేవి మూడే తేలాయి: బాత్‌రూమ్ గోడకు కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న లైటు, తలుపు దగ్గర మడతపడే పట్టా తీసేయడం. ఆ మూడూ వారంలో చేయించేశాను. మిగిలిన కాగితమంతా మార్చలేనివే. మనసు మళ్ళీ కోర్టు పెట్టినప్పుడల్లా ఆ కాగితం తీసి చూసుకునేదాన్ని. తప్పు చేశామన్న భావన కలిగినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదని అర్థం కావడానికి నాకు ఆ కాగితం ఎన్నిసార్లో చదవాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో సెలైన్ పీకేస్తోందని చేతులు కట్టేశారు. ఆ దృశ్యం మరిచిపోలేకపోతున్నాను. ఏం చేసి ఉండాల్సింది?

తుంటి ఆపరేషన్ తరువాత మా అమ్మకూ ఇలాగే జరిగింది. రాత్రి నన్ను బయటకు పంపారు, పొద్దున్న లోపలికి వెళ్ళేసరికి రెండు మణికట్లూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీకి కట్టి ఉన్నాయి. ఆవిడ ఏడవడం లేదు. తాను ఏదో తప్పు చేసినందుకు ఎవరో శిక్షించారన్నట్టుగా తల వంచుకుని ఉంది. ఆ సిబ్బంది దుర్మార్గులని నేననను, ఒక్క నర్సుకు ఎంతమంది రోగులో నేను కళ్ళారా చూశాను. కానీ అది అలా జరిగి ఉండకూడదు. కట్టేయడం వల్ల కంగారు, భయం పెరిగి డెలీరియం ఇంకా ముదురుతుంది.

ఆ రోజు నేను డ్యూటీ డాక్టరును బతిమాలి పక్కనే కూర్చోవడానికి అనుమతి తీసుకున్నాను, కట్లు విప్పించాను. అమ్మ చేతులు వెంటనే సెలైన్ గొట్టం వైపే వెళ్ళాయి. ఏం చేయాలో తోచక, నా బ్యాగులో ఉన్న తెల్ల దారపు ఉండ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కాసేపు వేళ్ళతో నలిపింది. తరువాత ఎడమచేతి వేళ్ళకు దారం చుట్టి, కుడిచేత్తో లేని పువ్వును తీసి, కాడ దగ్గర మడిచి, ముడి బిగించింది. మళ్ళీ ఇంకో పువ్వు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాల్లో నలభై ఏళ్ళపాటు కనకాంబరాలు, మరువం కలిపి మాల కట్టిన చేతులవి. దాదాపు గంటసేపు కట్టింది. సెలైన్ జోలికి వెళ్ళలేదు.

మీవాళ్ళ చేతులకు ఏ పని తెలుసో మీకే తెలుస్తుంది. షిప్‌యార్డులో పనిచేసిన పెద్దాయనకు ఒక బోల్టు, నట్టు ఇస్తే కుదురుకోవచ్చు, బడిపంతులు గారికి కాగితాల కట్ట ఇవ్వవచ్చు. దానితోపాటు డాక్టరుతో స్పష్టంగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంటి మనిషి ఒకరు రాత్రి పక్కన ఉండడానికి వీలు కల్పించమనండి. కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడుపళ్ళు తీసి దాచేయకుండా పెట్టి ఉంచమనండి. మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగండి, అవసరం తీరిన వెంటనే తీయించండి. కిటికీ వెలుతురు పడే మంచం దొరికితే అడగండి. నొప్పికి మందు అందుతోందా లేదా కనుక్కోండి, ఎందుకంటే డిమెన్షియా ఉన్నవాళ్ళు నొప్పి అని నోటితో చెప్పకపోవచ్చు. పక్కకు తిప్పినప్పుడు మూలగడం, నుదురు ముడవడం, పిడికిలి బిగించడం, ఊపిరి గసపోయడం చూసి మీరే చెప్పాలి.

ఆ దృశ్యం మాత్రం నేనూ మరిచిపోలేదు. మరిచిపోతారని మీకు అబద్ధం చెప్పలేను. ఇప్పుడు దాని పక్కన దారం కడుతున్న చేతులు కూడా గుర్తొస్తాయి.

ఎముక విరిగిందని, ఆపరేషన్ జరిగిందని అమ్మ అడిగిన ప్రతిసారీ చెప్పాలా?

అవసరం లేదు. ప్రతిసారీ ఆవిడ ఆ వార్తను మొదటిసారి విన్నట్టే వింటుంది, ప్రతిసారీ అంతే భయపడుతుంది. 'కాలు నొప్పిగా ఉంది కదమ్మా, మందు వేశాం, నేనిక్కడే ఉన్నాను' అంటే చాలు. జరిగిన సంగతి మరిచిపోయినా దానివల్ల కలిగిన భయమో, నెమ్మదో మనసులో చాలాసేపు నిలుస్తుంది. నా పేరు తెలియకపోయినా నేను పక్కన ఉంటే అమ్మ గుప్పిట సడలేది. చాలాకాలం నేను ఆ పేరు కోసమే ఎదురుచూసి ఈ గుప్పిటను గమనించలేదు.

అమ్మ మీద అరిచాను. ఒక రాత్రి 'ఇక వెళ్ళిపోతే బాగుండు' అని కూడా అనిపించింది. నేనింత చెడ్డదాన్నా?

ఈ ప్రశ్నను ఎవరూ పూర్తిగా అడగరు. సగం అడిగి ఆపేస్తారు. మిగతా సగం నేనే పూర్తిచేసి, నాకూ అనిపించిందని చెబుతాను. అప్పుడు అవతలివాళ్ళ భుజాలు కిందికి దిగడం నేను చాలాసార్లు చూశాను.

రెండో నిమోనియా సమయంలో పదకొండు రాత్రులు వరుసగా రెండు గంటలకొకసారి లేచి అమ్మను పక్కకు తిప్పాను, వీపు మీద పుండ్లు పడకుండా అలా తిప్పాలి కాబట్టి. పన్నెండో రాత్రి ఆవిడ నా చేతిని గీరేసింది. నేను అరిచాను, ఆవిడ బిక్కచచ్చిపోయి నన్ను చూసింది, నేను బాల్కనీలోకి వెళ్ళి 'తల్లీ, ఈవిడను తీసుకుపో' అని అమ్మవారికి దండం పెట్టాను. పెట్టి, వెంటనే లెంపలు వేసుకున్నాను. అది అమ్మ చావు కోసం చేసిన ప్రార్థన అనుకుని చాలాకాలం సిగ్గుపడ్డాను. ఆవిడ బాధ ఆగాలని, నా అలసట ఆగాలని కోరుకున్నాను. ఆ రెండూ ఆగే దారి వేరే ఏదీ ఆ వేళ కనబడలేదు. ప్రేమ లేనివాళ్ళు రెండు గంటలకొకసారి లేవరు.

అరిచినందుకు మాత్రం పొద్దున్న అమ్మ పాదాలు ఒత్తి క్షమించమని అడిగాను. ఆవిడకు గుర్తు లేదు, కానీ నాకు అడగవలసి ఉంది.

అయితే ఒక హద్దు ఉంది. చెయ్యి చేసుకున్నా, చేసుకుంటామేమోనని భయం వేసినా, వారాల తరబడి నిద్రపట్టకపోయినా, మీ ప్రాణం మీద మీకే విసుగు పుట్టినా, అది ఒంటరిగా మోయవలసినది కాదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే, పగలూ రాత్రీ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం దీన్ని 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు లోపలికి వెళ్ళడానికి మన ఊరివాళ్ళు ఎంత జంకుతారో నాకు తెలుసు, నేనూ మొదటిసారి ముఖానికి చున్నీ కప్పుకునే వెళ్ళాను. లోపల వరుసలో కూర్చున్నవాళ్ళంతా నాలాంటివాళ్ళే. పెద్దవాళ్ళకు సంబంధించిన ఏ సాయం గురించి అడగాలన్నా 14567 ఎల్డర్ లైన్ ఉంది.

అన్నయ్య అమెరికాలో ఉంటాడు. ప్రతి దెబ్బకూ 'నువ్వేం చేస్తున్నావు, ఇంకో ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు' అంటాడు. ఎలా భరించాలి?

దూరంగా ఉన్నవాళ్ళకు మెట్టు మెట్టుగా దిగిపోవడం కనబడదు, దిగిపోయిన తరువాత మనిషి ఒక్కసారిగా కనబడతారు. ఆ అదిరిపాటే కోపంగా బయటకు వస్తుంది, అందులో తాను దగ్గర లేనన్న బాధ సగం ఉంటుంది. ఇది అర్థం చేసుకోవడం వేరు, ఆ మాటలు పడుతూ ఉండడం వేరు. మాటలు పడనక్కరలేదు.

మా ఇంట్లో కొన్ని మార్పులు చేశాం. వీడియో కాల్ అమ్మ కాస్త హుషారుగా ఉండే ఉదయం పూట మాత్రమే కాకుండా, సాయంత్రం కంగారు మొదలయ్యే వేళ కూడా పెట్టాను. నేను నోటితో ఎంత చెప్పినా అన్నయ్యకు అర్థం కానిది పదిహేను నిమిషాల సాయంత్రంలో అర్థమైంది. డాక్టరు చెప్పిన మాటలను వెంటనే వాయిస్ మెసేజ్‌గా పంపేదాన్ని, 'నువ్వు సరిగా అడగలేదు' అన్న గొడవ పోయింది. రాత్రిపూట చూసుకునే ఆయా జీతం, డైపర్ల ఖర్చు, బీమా కాగితాల పని అన్నయ్యకు అప్పగించాను. పని అందాక మాట మెత్తబడింది. అందరి ఇళ్ళలో ఇలా కుదరదు. కుదరకపోతే, అమ్మ దగ్గర ఉన్నవాళ్ళు తీసుకున్న నిర్ణయమే చెల్లుతుందని మామయ్యో, పెద్దవాళ్ళెవరో ఒకరు నలుగురి ముందు చెప్పాలి.

మింగలేకపోతోంది, ముక్కులోంచి గొట్టం వేయిస్తారా అంటున్నారు. వద్దంటే అమ్మను పస్తు పెట్టినదాన్ని అవుతానా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇదే. తిన్నావా అని అడగడమే ప్రేమ అయిన ఇళ్ళలో పెరిగాం మనం. అలాంటివాళ్ళకు 'ఇక తిండి తగ్గుతుంది' అన్న మాట చావు మాటలా వినిపిస్తుంది.

ముందు తేడా చూడాలి. ఇన్‌ఫెక్షన్ వల్లో, డెలీరియం వల్లో కొద్దిరోజులు మింగలేకపోతే, తేరుకునేదాకా గొట్టం అవసరమని డాక్టరు చెప్పవచ్చు, అది తాత్కాలికం. డిమెన్షియా చివరి దశలో మింగడమే మరిచిపోతున్నప్పుడు సంగతి వేరు. ఆ దశలో గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే నిమోనియా ఆగుతుందని గానీ పరిశోధనల్లో తేలలేదు. గొట్టం పీకేయకుండా చేతులు కట్టవలసి రావడం, కంగారు, పుండ్లు మాత్రం పెరుగుతాయి. అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ కూడా ముదిరిన డిమెన్షియాలో గొట్టానికి బదులు చేత్తో, నిదానంగా తినిపించడాన్నే సూచిస్తుంది.

చేత్తో తినిపించడమంటే కడుపు నిండా పెట్టడం అని కాదు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, అర చెంచా చొప్పున, మింగిందని గొంతు చూసి నిర్ధారించుకున్నాకే రెండోది ఇవ్వాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పలుచని నీళ్ళకంటే కాస్త చిక్కటివి మింగడం కొందరికి తేలిక, ఎంత చిక్కదనం సరిపోతుందో డాక్టరును అడగండి. మా అమ్మకు చోడి (రాగి) జావలో చిటికెడు ఉప్పు, కాస్త మజ్జిగ. ఒక్కోరోజు ఆరు చెంచాలే. ఆ ఆరు చెంచాలకు నలభై నిమిషాలు పడుతుంది, ఆ నలభై నిమిషాలూ ఆవిడ నా ముఖం వైపే చూస్తుంది.

ఐసీయూ విషయంలోనూ ముందే మాట్లాడుకోవడం మంచిది, అర్ధరాత్రి 108 లో వెళుతూ కాదు. డాక్టరును సూటిగా అడగండి: ఈ వైద్యంతో అమ్మ మళ్ళీ ఏ స్థితికి రాగలదు, దానికోసం ఎంత బాధ పడాలి, చేయకపోతే బాధ లేకుండా ఉంచగలరా? అమ్మ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఏమనేదో గుర్తుచేసుకోండి. తన తోటికోడలికి గొట్టాలు వేసినప్పుడు మా అమ్మ 'నాకిలా చేయకండర్రా' అంది. నిర్ణయం నాది అనుకున్నప్పుడు మోయలేకపోయాను, అది అమ్మ మాట అని గుర్తొచ్చాక మోయగలిగాను. జబ్బు మొదటి దశలో ఉండి, ఇంకా తెలివిగా ఆలోచించగలిగేవాళ్ళు తమ ఇష్టాన్ని ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీనికి గుర్తింపు ఇచ్చింది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధృవీకరింపజేస్తే సరిపోతుంది.

చుట్టాలు 'కర్మ' అంటారు, 'సరిగ్గా చూసుకోలేదు' అంటారు. ఏం చెప్పాలి?

ఎక్కువ చెప్పకండి. 'ఆదివారం రెండు గంటలు వచ్చి కూర్చోండి పిన్నీ, నేను బజారుకెళ్ళొస్తాను' అనండి. వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ మాట అనరు, రానివాళ్ళ మాటకు విలువ లేదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఇన్ని లక్షల ఇళ్ళలో పిల్లలందరూ సరిగ్గా చూసుకోనివాళ్ళేనా?

ఆయాను పెట్టుకుంటే, సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తే, అమ్మను వదిలేసినట్టా?

కాదు. ఆయా వచ్చాక నేను మళ్ళీ కూతురినయ్యాను, అంతకుముందు నర్సును మాత్రమే. పగలు డైపర్లు ఆవిడ మారుస్తుంది, నేను అమ్మ జడ వేస్తాను. మంచం దిగలేని మనిషిని ఇద్దరు లేనిదే ఎత్తలేని స్థితి వచ్చినా, మీ ఆరోగ్యమే పాడైనా, కేంద్రంలో చేర్పించడం గురించి ఆలోచించండి. చేర్పించే ముందు చెప్పకుండా, భోజనం వేళకు వెళ్ళి చూడండి. అక్కడ ముసలివాళ్ళకు అన్నం ఎలా పెడుతున్నారో చూస్తే మిగతాది తెలిసిపోతుంది.

నా ఒంటికి, మనసుకు నేనేం చేసుకోవాలి?

మీ బీపీ, షుగరు చూపించుకోండి, మీ నిద్ర బాకీ తీర్చుకోండి. వారంలో మూడు పొద్దుటిపూటలు నేను ఆర్కే బీచ్‌కు వెళతాను. ధ్యానం, వ్యాయామం ఏమీ లేవు, గట్టు మీద కూర్చుంటాను. మొదట్లో ఫోను చేతిలోనే పట్టుకుని, మోగుతుందేమోనని అలలకేసి కూడా చూసేదాన్ని కాదు. ఫోను బ్యాగులో పెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మళ్ళీ దెబ్బ తగులుతుందని తెలుసు. ఆ భయంతో ఇవాళ్టి రోజు కూడా పాడవుతోంది. ఏం చేయాలి?

భయానికి ఒక పని అప్పగించండి. మా ఇంట్లో తలుపు వెనుక మేకుకు ఒక గుడ్డసంచి వేలాడుతుంది. అందులో అమ్మ మందుల చీటీ నకలు, ఆధార్ నకలు, పాత డిశ్చార్జి కాగితాలు, పాత కళ్ళజోడు, మెత్తని పాత చీర, రెండు డైపర్లు, కొంత డబ్బు ఉంటాయి. పైన పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క ఒకటి: 'ఈమెకు డిమెన్షియా. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి మాట్లాడండి. అమ్మా అని పిలిస్తే పలుకుతుంది. చేతులు కట్టవద్దు, దారం ఇవ్వండి.' ఆ సంచి కట్టిన రోజు నుంచి రాత్రిళ్ళు లేచి 'ఏమవుతుందో' అనుకోవడం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. భయం వేసినప్పుడు లేచి సంచి తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటాను, మూసి పడుకుంటాను.

అందులో దారపు ఉండ కూడా ఉంటుంది. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు కూడా అడగకుండానే తీసుకుని కట్టేస్తుంది కాబట్టి అది తరచూ అయిపోతుంటుంది. పోయిన వారం పూర్ణామార్కెట్‌కు వెళ్ళినప్పుడు నాలుగు ఉండలు కొని తెచ్చాను. రెండు సంచిలో వేశాను, రెండు అమ్మ దిండు పక్కన పెట్టాను.